కార్నోటారస్: కొమ్ములున్న మాంసాహార డైనోసార్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెత్తిన రెండు కొమ్ములు, కుదిమట్టమైన మూతి, ఉన్నాయా లేవా అనిపించే చేతులు. కార్నోటారస్ బొమ్మను ఒకసారి చూసిన పిల్లలు మళ్లీ మరిచిపోరు. అక్కడి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. మా అబ్బాయి, వాడి స్నేహితులు, వాళ్ల అమ్మానాన్నలు ఇన్నాళ్లుగా నన్ను అడిగినవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. జవాబుతో పాటు ఆ సంగతిని ఏ ఎముక చూసి చెబుతున్నారో కూడా వీలైనంతవరకు రాశాను. ఈ జంతువు గురించి మనకు తెలిసిందంతా ఒకే ఒక్క అస్థిపంజరం నుంచి వచ్చింది కాబట్టి, ఆ వివరం లేకుండా జవాబు చెబితే సగమే చెప్పినట్టు.

కొమ్ముల డైనోసార్ అంటే ట్రైసెరటాప్స్ కదా? అది ఆకులు తినేది కదా?

ట్రైసెరటాప్స్ శాకాహారే. మూడు కొమ్ములు, మెడ వెనక పెద్ద విసనకర్రలాంటి ఎముక, నాలుగు కాళ్ల నడక. మన చుట్టూ ఉన్న ఆవు, గేదె, మేక, జింక అన్నీ మేత మేసేవే కాబట్టి కొమ్ములు అనగానే మేసే జంతువే గుర్తుకొస్తుంది. కార్నోటారస్ ఆ లెక్కలోకి రాదు. అది రెండు కాళ్ల మీద నడిచిన వేటజంతువు. టీ రెక్స్, అల్లోసారస్ ఉన్న థెరోపాడ్ల వర్గంలోనే ఇదీ ఉంటుంది. పక్షులు కూడా ఆ వర్గం నుంచే వచ్చాయి.

మాంసాహారుల్లో కొమ్ములున్నది ఇదొక్కటే కాదు. అమెరికాలో దొరికిన సెరటోసారస్‌కు ముక్కు మీద ఒక కొమ్ము, కళ్ల ముందు రెండు చిన్న కొమ్ములు ఉండేవి. దానికి 1884లో ఆత్నియెల్ మార్ష్ అనే అమెరికా శాస్త్రవేత్త పేరు పెట్టాడు. అది దాదాపు 15 కోట్ల సంవత్సరాల నాటిది, అంటే కార్నోటారస్ కంటే చాలా పాతది. మడగాస్కర్‌లోని మజుంగాసారస్‌కు నుదుటి మీద ఒకే బొడిపె కొమ్ము. మన గుజరాత్‌లో దొరికిన రాజాసారస్‌కూ నెత్తిన ఒక పొట్టి కొమ్ము ఉంది, దాని గురించి కింద వివరంగా రాశాను. అయితే కళ్ల పైన రెండు వైపులా ఎద్దులా కొమ్ములు పొడుచుకొచ్చినట్టు ఉండేది కార్నోటారస్‌కే.

పేరుకు అర్థం ఏమిటి? పూర్తి పేరులో 'సాస్ట్రెయి' అని ఉంది, మన 'శాస్త్రి'కి దానికి సంబంధం ఉందా?

లాటిన్‌లో 'కార్నిస్' అంటే మాంసం, 'టారస్' అంటే ఎద్దు. రెండూ కలిపితే 'మాంసం తినే ఎద్దు'. పూర్తి శాస్త్రీయ నామం కార్నోటారస్ సాస్ట్రెయి.

ఆ రెండో మాట తెలుగువాళ్ల చెవికి 'శాస్త్రి' అన్నట్టే వినిపిస్తుంది. కానీ అది స్పానిష్ ఇంటిపేరు. ఈ అస్థిపంజరం దొరికింది ఆంఖెల్ సాస్ట్రే అనే రైతు పొలంలో. పొలం యజమానిని గుర్తుపెట్టుకుంటూ ఆ పేరు పెట్టారు. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. ఎముకలు బయటపడినప్పుడు తవ్వుకోనిచ్చిన మనిషి పేరు, ఆ జంతువు ఉన్నంతకాలం దాని వెంటే ఉంటుంది.

ఎక్కడ దొరికింది? ఎవరు కనుక్కున్నారు?

అర్జెంటీనా దక్షిణ భాగంలో పటగోనియా అనే విశాలమైన ప్రాంతం ఉంది. పొడి నేల, ఆగకుండా వీచే గాలి. అక్కడి చుబుట్ రాష్ట్రంలో, బహాడా మొరేనో దగ్గరి పొలంలో 1984లో ఈ అస్థిపంజరం దొరికింది. తవ్విన బృందానికి నాయకుడు హోసే బోనాపార్తే. దక్షిణ అమెరికా డైనోసార్ల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో ఆయన వాటా చాలా పెద్దది. 1928లో పుట్టి 2020లో కన్నుమూశారు. కార్నోటారస్‌కు 1985లో పేరు పెట్టారు. ఆ తర్వాత 1990లో ఫెర్నాండో నోవాస్, రొడోల్ఫో కోరియాలతో కలిసి ఎముక ఎముకనూ వర్ణిస్తూ పూర్తి వివరణ అచ్చువేశారు.

తవ్వకం తేలిగ్గా ఏమీ జరగలేదు. అస్థిపంజరం మొత్తం హెమటైట్ అనే ఇనుప ఖనిజం గడ్డకట్టిన పెద్ద ముద్దలో ఇరుక్కుపోయి ఉంది. ఇనుపరాయి ఎంత గట్టిగా ఉంటుందో మనకు తెలుసు. అందులోంచి ఎముక విరక్కుండా చుట్టూ ఉన్న రాయిని కొద్దికొద్దిగా చెక్కుకుంటూ రావాలి. శుభ్రం చేయడానికి చాలా సమయం పట్టింది. అయితే ఎముకలు ఇంత బాగా నిలిచింది కూడా ఆ గట్టి రాయి వల్లే. ఇప్పుడు అసలు ఎముకలు బ్యూనస్ ఎయిర్స్‌లోని బెర్నార్డినో రివడావియా ప్రకృతి శాస్త్ర మ్యూజియంలో ఉన్నాయి.

ఎన్ని సంవత్సరాల కిందట బతికింది?

సుమారు 7 కోట్ల సంవత్సరాల కిందట, క్రెటేషియస్ యుగం చివర్లో. మొదట్లో ఆ శిలలు ఇంకా చాలా పాతవి అనుకున్నారు. తర్వాత అవి లా కొలోనియా అనే శిలల పొరకు చెందినవని తేలింది. అప్పట్లో ఆ చోటు సముద్రపు పాయలు, ఆటుపోట్లు, మడుగులు ఉన్న తీరప్రాంతం. అవే శిలల్లో తాబేళ్లు, పాములు, ఊపిరితిత్తుల చేపలు, చిన్న క్షీరదాలు, పొడవు మెడల నీటి సరీసృపాలు కూడా దొరికాయి. 2024లో అవే శిలల నుంచి కొలెకెన్ అనే ఇంకో మాంసాహార డైనోసార్‌కు పేరు పెట్టారు. అదీ కార్నోటారస్ ఉన్న అబెలిసారిడ్ల కుటుంబానికి చెందినదే, కానీ దానికి ఇలాంటి కొమ్ములు లేవు.

ఒకే ఒక్క అస్థిపంజరంతో ఇన్ని సంగతులు ఎలా చెప్పగలుగుతున్నారు?

అదృష్టం కొద్దీ ఆ ఒక్కటీ దాదాపు పూర్తిగా దొరికింది. జంతువు చనిపోయి కుడి పక్కకు ఒరిగి పడిపోయింది. ఎముకలు చెల్లాచెదురు కాకుండా చాలావరకు వాటి వాటి స్థానాల్లోనే ఉండిపోయాయి. తల, మెడ, వెన్నుపూసలు, పక్కటెముకలు, రెండు చేతులు, నడుము ఎముకలు, తొడలు అన్నీ ఉన్నాయి. లేనివి తోకలో ఎక్కువ భాగం, మోకాళ్ల కింది భాగం చాలావరకు, పాదాలు.

అందుకే మ్యూజియంలో నిలబెట్టిన కార్నోటారస్ నమూనా కనిపిస్తే నేను పిల్లలకు ముందు పాదాలు చూపిస్తాను. అవి దాని సొంత పాదాలు కావు, దగ్గరి చుట్టాల ఎముకలు చూసి తయారుచేసి పెట్టినవి. ఏది దొరికిందో, ఏది ఊహించి కట్టారో తెలిస్తే పిల్లలు మిగతా అస్థిపంజరాన్ని ఇంకా శ్రద్ధగా చూస్తారు.

ఎంత పెద్దది?

మూతి నుంచి తోక చివరి దాకా ఏడున్నర నుంచి 8 మీటర్లు. బరువు అంచనాలు ఒకటిన్నర టన్ను అటూఇటూ నుంచి రెండు టన్నుల దాకా ఉన్నాయి. మంచి ఒంగోలు ఎద్దు అయిదారు వందల కిలోలు ఉంటుంది కదా. అలాంటివి మూడింటి బరువు అనుకోండి. ఈ కుటుంబంలో ఇది పెద్దవాటిలో ఒకటి, కానీ చూపుకు బండగా ఉండేది కాదు. ఒళ్లు సన్నంగా, కాళ్లు పొడవుగా ఉండేవి. తొడ ఎముక ఒక్కటే మీటరు పైన ఉంది.

ఇంత ఒంటికి తల మాత్రం చిన్నది. పుర్రె పొడవు 60 సెంటీమీటర్లు కూడా లేదు. కానీ ఎత్తు ఎక్కువ. పక్క నుంచి చూస్తే మూతిని ముందు నుంచి ఎవరో నొక్కేసినట్టు ఉంటుంది. మొసలి పొడవు మూతిని తలుచుకుని దీన్ని చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

కొమ్ములు ఎలా ఉండేవి? వాటితో ఏం చేసేది?

ఒక్కో కొమ్ము ఎముక దాదాపు 15 సెంటీమీటర్లు, అంటే మామూలు స్కేలులో సగం. నుదుటి ఎముక నుంచే మొలిచి, సరిగ్గా కళ్ల పైన, పక్కలకూ కాస్త పైకీ తిరిగి ఉంటాయి. మొదట్లో లావుగా, కొనకు సన్నగా. లోపల గుల్ల కాదు, నిండు ఎముక.

బతికున్నప్పుడు ఇంకొంచెం పొడవుగానే ఉండి ఉంటాయి. పల్లెటూళ్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. పశువు చనిపోయి తల ఎండిపోయాక కొమ్ము మీది తొడుగు ఊడి చేతిలోకి వస్తుంది. లోపల పొట్టిగా, గరుకుగా ఒక ఎముక మిగులుతుంది. ఆ తొడుగు మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే తయారవుతుంది. మట్టిలో కోట్ల సంవత్సరాలు నిలిచేది ఎముకే, తొడుగు కాదు. కార్నోటారస్ కొమ్ముల మీదా అలాంటి తొడుగే ఉండేదని శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఇక ఉపయోగం. వేటను పొడిచి చంపడానికి అని చాలామంది అనుకుంటారు. ఆ కొమ్ములు పక్కలకు తిరిగి ఉన్నాయి, ముందుకు కాదు. నోటినిండా పళ్లున్న జంతువు కొమ్ముతో చంపాల్సిన పని కూడా తక్కువే. ఎక్కువమంది మొగ్గు చూపేది తమలో తాము తలపడటానికి వాడేవన్న ఆలోచన వైపు. తోడు కోసం, చోటు కోసం రెండు కార్నోటారస్‌లు తలలు ఆనించి ఒకదాన్నొకటి తోసుకుని ఉంటాయి. పొట్టేళ్ల పందెంలో పరుగెత్తుకొచ్చి ఢీకొట్టినట్టు గుద్దుకునేవని ఒక ఊహ. నెమ్మదిగా తలలు ఆనించి బలం చూపించుకునేవని ఇంకో ఊహ. మెడ చూస్తే రెండో ఊహ నాకు సబబుగా అనిపిస్తుంది. మెడ పూసలు వెడల్పుగా, గట్టిగా, పెద్ద కండరాలు అతుక్కోవడానికి తగినట్టుగా ఉన్నాయి. ఎద్దులు కూడా కుమ్ములాటలో ఎక్కువసేపు చేసేది తోసుకోవడమే.

కొమ్ములు చూపుకు గుర్తుగా కూడా పనిచేసి ఉంటాయి. దూరం నుంచి తన జాతిదో కాదో పోల్చుకోవడానికి అంతకంటే మంచి గుర్తు ఏముంటుంది?

చేతులు అంత చిన్నవేమిటి? టీ రెక్స్ చేతులకంటే చిన్నవా?

ఒంటితో పోలిస్తే టీ రెక్స్ చేతులకంటే చిన్నవి. ఆకారంలో కూడా వింతైనవి, అందుకే ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి.

మీ చేతిని ఒకసారి చూసుకోండి. భుజం నుంచి మోచేయి దాకా ఒక ఎముక, మోచేయి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలు, రెండు భాగాలూ ఇంచుమించు సమానం. కార్నోటారస్‌కు మోచేయి కింది భాగం పై భాగంలో నాలుగో వంతే. అంటే మీ ముంజేయి జానెడు కూడా లేకుండా, మోచేయి దగ్గరే అరచెయ్యి మొలిచినట్టు. మణికట్టులో ఉండాల్సిన చిన్న ఎముకలు లేవు. అరచేతి ఎముకలు నేరుగా ముంజేతికే అతుక్కుని ఉన్నాయి. నాలుగు వేళ్లున్నాయి గానీ పొట్టివి, బిగుసుకుపోయినవి. దేన్నీ పట్టుకోగలిగేవి కావు.

ఆశ్చర్యం ఏమిటంటే భుజం మాత్రం అలా లేదు. భుజం ఎముకలు పెద్దవి. చెయ్యి ఎముక పై కొన గుండ్రంగా ఉంది, అంటే భుజం దగ్గర చెయ్యి బాగానే తిరిగేది. పట్టుకోలేని చెయ్యి తిరగడం ఎందుకు? ఆడ జంతువును ఆకట్టుకోవడానికి ఆ చేతులు ఆడించేదేమో అని కొందరి ఆలోచన. చాలామంది మాత్రం అవి ఉపయోగం పోయి మిగిలిపోయిన అవయవాలే అంటారు. ఆ మధ్య మన ఊళ్లలో ఈమూలను పెంచారు కదా, వాటి రెక్కలు చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది. ఈకల కింద వెతికితే తప్ప రెక్క కనిపించదు. ఉంది, కానీ దానితో పనిలేదు. వేట పనంతా తల, మెడ, కాళ్లు తీసుకున్నాక చేతులు తరతరానికీ తగ్గుతూ పోయాయి.

చర్మం దొరికిందంటారు, నిజమేనా? ఈకలు ఉండేవా?

నిజమే. ఈ అస్థిపంజరం విలువ రెట్టింపయింది దానివల్లే. చర్మం అంటే తోలు కాదు. బురదలో చర్మం ఒత్తుకుని ముద్రపడి, ఆ బురద రాయిగా మారింది. తడి సిమెంటు మీద చెయ్యి పెడితే అచ్చు మిగిలినట్టు. భుజం, పొట్ట, తోక భాగాల నుంచి ఇలాంటి ముద్రలు దొరికాయి. మాంసాహార డైనోసార్లలో ఇంత ఎక్కువ చర్మం దొరికినవి ఇప్పటికీ అరుదు.

ఆ ముద్రల్లో ఈకలు లేవు. ఉన్నవి పొలుసులే. దగ్గర నుంచి చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. అడుగున సన్నటి పొలుసులు ఒకదాని పక్కన ఒకటి నేలపై పరిచిన గులకరాళ్లలా ఉంటాయి, అన్నీ 14 మిల్లీమీటర్లలోపువి. వాటి మధ్య అక్కడక్కడ పెద్ద బొడిపెలు లేచి ఉంటాయి. పెద్దవి 65 మిల్లీమీటర్ల దాకా ఉన్నాయి, అంటే క్రికెట్ బంతి వెడల్పుకు కాస్త తక్కువ. చాలా పుస్తకాల్లో ఈ బొడిపెలను వీపు వెంట వరసగా, కుట్టుపనిలా బొమ్మ గీస్తారు. 2021లో ఇద్దరు పరిశోధకులు, క్రిస్టోఫ్ హెండ్రిక్స్, ఫిల్ బెల్, ఆ ముద్రలన్నిటినీ మళ్లీ పరిశీలించి, వాటికి వరసేమీ లేదని, ఎలాపడితే అలా చెదిరి ఉన్నాయని చూపించారు. కాబట్టి వరసగా బొడిపెలున్న బొమ్మ కనిపిస్తే అది పాత అవగాహన అనుకోండి.

థెరోపాడ్లలో కొన్నిటికి ఈకలున్నాయని చైనా శిలాజాలు చెప్పాయి. దాంతో అన్నిటికీ ఈకలు పెట్టేయాలనే ఉత్సాహం కొంతమందిలో వచ్చింది. కార్నోటారస్ విషయంలో మాత్రం దాని చర్మమే మన చేతిలో ఉంది, ఊహించాల్సిన పనిలేదు.

నిజంగా అంత వేగంగా పరుగెత్తేదా?

పెద్ద డైనోసార్లలో వేగంగా పరుగెత్తినవాటిలో ఇదొకటని చెప్పడానికి మంచి ఆధారం ఉంది. అది కాళ్లలో కాదు, తోకలో.

మొసలిని గానీ, ఇంటి గోడ మీది బల్లిని గానీ చూడండి. తోక మొదట్లో చాలా లావుగా ఉంటుంది. అందులో ఉన్నది తొడ ఎముకను వెనక్కి లాగే కండరం. కాలు నేలను వెనక్కి తన్నే బలమంతా దానిదే. పిక్కబలం అని మనం అంటాం గానీ, ఈ జంతువుకు ఉన్నది తోకబలం. 2011లో స్కాట్ పర్సన్స్, ఫిలిప్ కర్రీ కార్నోటారస్ తోక పూసలను కొలిచారు. మామూలుగా తోక పూసకు రెండు పక్కలా అడ్డంగా చిన్న ఎముకలు పొడుచుకొచ్చి ఉంటాయి. దీనికి అవి అడ్డంగా కాకుండా పైకి లేచి ఉన్నాయి. వెనక నుంచి చూస్తే రెండు చేతులు పైకెత్తినట్టు. అలా లేవడంతో కింద ఖాళీ పెరిగింది, ఆ ఖాళీ అంతా కండరం ఆక్రమించింది. వాళ్ల లెక్కలో ఆ కండరం ఒక్కో కాలికి 111 నుంచి 137 కిలోలు. రెండు కాళ్లకూ కలిపితే పాతిక కిలోల బియ్యం బస్తాలు పది తోకలో మోసుకుని తిరిగినట్టు.

అయితే దీనికి ఒక ధర చెల్లించింది. ఆ పైకి లేచిన ఎముకల చివర్లు కొక్కేల్లా ఉండి, ఒక పూస తన పక్క పూసకు తగులుకునేలా ఉన్నాయి. దాంతో తోక మొదలు బిగుసుకుపోయింది. తిరగాలంటే నడుము, తోక కలిసి ఒకే దిమ్మలా తిరగాలి. కాబట్టి తిన్నగా పరుగెత్తడంలో దిట్టే, కానీ ఒక్కసారిగా మలుపు తీసుకోవడం కష్టం. చిన్న జంతువు చటుక్కున పక్కకు తప్పుకుంటే ఇది ముందుకు దూసుకుపోయి ఉండేది.

గంటకు ఎన్ని కిలోమీటర్లు అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. 48 నుంచి 56 కిలోమీటర్ల దాకా ఒక అంచనా ఉంది. మోకాలి కింది కాలు దొరకలేదు కాబట్టి ఇలాంటి అంకెలను నేను ఖాయంగా చెప్పను. తోక గురించి మాత్రం ఖాయంగా చెబుతాను.

ఏం తినేది? ఎలా వేటాడేది?

పళ్లు సన్నగా, పొడవుగా, వెనక్కి వంగి ఉన్నాయి. ఎముకను నలగ్గొట్టే పళ్లు కావు, మాంసాన్ని కోసే పళ్లు. పుర్రె పైభాగం గట్టిది, కింది దవడ మాత్రం పలచన. ఈ తేడా చూసి పరిశోధకులు రెండు దారులు పట్టారు. మూతిని గొడ్డలిలా దించి, పెద్ద జంతువును మళ్లీ మళ్లీ కొరికి నెత్తురు పోయేలా చేసేదని కొందరు అంటారు. తలను, దవడను గబగబా ఆడించి తనకంటే చిన్న జంతువులను పట్టేసుకునేదని ఇంకొందరు అంటారు. ఒక లెక్క ప్రకారం దాని కాటు బలం సుమారు 3,300 న్యూటన్లు. టీ రెక్స్ కాటుకు వేసిన లెక్కలు దీనికి పది రెట్ల చుట్టూ ఉంటాయి. అంటే ఇది కాటు బలం మీద బతికిన జంతువు కాదు, వేగం మీద బతికింది.

ఇంకో చిన్న వివరం. మూతి సన్నగా ఉండటంతో కళ్లు కొంచెం ముందుకు తిరిగి ఉన్నాయి. రెండు కళ్లూ ఒకే వస్తువును చూస్తేనే దూరం సరిగ్గా తెలుస్తుంది. పరుగెత్తుతూ కొరికే జంతువుకు అది చాలా అవసరం.

టీ రెక్స్‌తో కొట్లాట పెడితే ఎవరు గెలుస్తారు?

అవి ఎదురుపడే అవకాశమే లేదు. టీ రెక్స్ ఉత్తర అమెరికాది, కార్నోటారస్ దక్షిణ అమెరికాది, కాలంలో కూడా ఇది కాస్త ముందుది. టీ రెక్స్ పొడవు 12 మీటర్లు, బరువు దీనికి నాలుగు రెట్ల వరకు ఉంటుంది.

బల్లిలా, ఊసరవెల్లిలా రంగు మార్చేదా?

లేదు, అది కథల్లోని కల్పన. చర్మం ముద్రల్లో పొలుసుల ఆకారం దొరికింది గానీ రంగు దొరకలేదు.

మన దేశంలో ఇలాంటిది దొరికిందా?

దొరికింది. దాని పేరు రాజాసారస్ నర్మదెన్సిస్. పేరులో రాజూ ఉన్నాడు, నర్మదా ఉంది.

గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గర రహియోలి అనే చిన్న ఊరు ఉంది. 1980ల మొదట్లో అక్కడి సిమెంటు రాయి క్వారీ ప్రాంతంలో డైనోసార్ గుడ్లు, ఎముకలు బయటపడ్డాయి. 1982 నుంచి 1984 దాకా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన సురేశ్ శ్రీవాస్తవ, పంజాబ్ విశ్వవిద్యాలయం ఆచార్యులు అశోక్ సాహ్ని అక్కడ ఎముకలు సేకరించారు. శ్రీవాస్తవ గారు ఒక పని చేశారు. ఏ ఎముక నేలలో ఎక్కడ, ఎటు తిరిగి ఉందో కొలతలతో పటం గీసి పెట్టుకున్నారు. ఎముకలు ఆ తర్వాత ఏళ్ల తరబడి పెట్టెల్లోనే ఉన్నాయి. 2001లో పాల్ సెరెనో, జెఫ్ విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు మనవాళ్లతో కలిసి వాటిని మళ్లీ చూడటం మొదలుపెట్టారు. కుప్పలో ఏ ఎముక ఏ జంతువుదో తేల్చడానికి పనికొచ్చింది ఆ పాత పటమే. పుర్రె వెనక భాగం, వెన్నుపూసలు, నడుము ఎముక, కాలి ఎముకలు ఒకే జంతువువని తేలింది. 2003లో పేరు పెట్టారు. నెత్తి మీద ఒకే ఒక గుండ్రటి పొట్టి కొమ్ము.

కార్నోటారస్ కథ చెప్పినప్పుడల్లా నేను ఆ పటం గురించి చెబుతాను. ఎముకలతో పాటు పటాన్నీ భద్రంగా దాచకపోతే రాజాసారస్ ఇవాళ ఒక పేరు లేని ఎముకల గుట్ట.

దీనికంటే చాలా ముందే, 1933లో, జబల్‌పూర్ దగ్గర దొరికిన ఎముకలకు ఇండోసూకస్, ఇండోసారస్ అని పేర్లు పెట్టారు. అవి ఏ కుటుంబానివో అప్పటికి ఎవరికీ అర్థం కాలేదు. 1985లో అర్జెంటీనా డైనోసార్లు అబెలిసారస్, కార్నోటారస్‌లకు పేర్లు పెట్టాక గానీ వాటికి చుట్టాలు దొరకలేదు. మడగాస్కర్‌లోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడ దొరికిన మజుంగాసారస్ నుదుటి బొడిపెను చూసి, మొదట అది దిట్టమైన నెత్తి ఉండే శాకాహారి డైనోసార్‌ది అనుకున్నారు. 1990ల్లో మంచి పుర్రె దొరికాక ఆ బొడిపె మాంసాహారిదని తెలిసింది.

అర్జెంటీనా ఎక్కడ, గుజరాత్ ఎక్కడ! అవి చుట్టాలెలా అయ్యాయి?

ఇప్పుడు మధ్యలో సముద్రాలున్నాయి, ఒకప్పుడు లేవు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కర్, మన భారతదేశం, అంటార్కిటికా, ఆస్ట్రేలియా అన్నీ కలిసి ఒకే భూఖండంగా ఉండేవి. దాని పేరు గోండ్వానా. ఆ పేరు గోండుల నేల నుంచి వచ్చింది. ఆదిలాబాద్ అడవుల్లో ఉండే గోండులే. మధ్య భారతంలో వాళ్ల ప్రాంతంలోని శిలలకు మొదట ఆ పేరు పెట్టారు, తర్వాత అది మొత్తం భూఖండానికి పేరయింది. సింగరేణి బొగ్గును గోండ్వానా బొగ్గు అంటారు. ఆ బొగ్గు పొరల్లో దొరికే గ్లోసోప్టెరిస్ ఆకు ముద్రలు దక్షిణ అమెరికాలోనూ, అంటార్కిటికాలోనూ దొరుకుతాయి.

ఈ భూఖండం విడిపోకముందే కార్నోటారస్ పూర్వీకులు అంతటా వ్యాపించారు. ముక్కలు దూరంగా జరిగాక ఎక్కడివక్కడ వేరుగా మారాయి. ఒకచోట రెండు కొమ్ములు, ఒకచోట ఒక కొమ్ము, ఇంకోచోట కొమ్ములే లేవు. మనం మడగాస్కర్ నుంచి విడిపోయింది సుమారు 8.8 కోట్ల సంవత్సరాల కిందట. రాజాసారస్ తిరుగుతున్న కాలానికి భారతదేశం సముద్రం మధ్య ఒంటరిగా ఉత్తరానికి కదులుతోంది.

ఇవి ఎలా అంతరించాయి?

6.6 కోట్ల సంవత్సరాల కిందట మెక్సికోలో ఇప్పుడున్న యుకటాన్ దగ్గర, 10 కిలోమీటర్ల పైచిలుకు గ్రహశకలం పడింది. పక్షులు తప్ప డైనోసార్లన్నీ పోయాయి. కార్నోటారస్ శిలలు అంతకంటే కొంచెం ముందువి, కానీ దాని కుటుంబం మాత్రం చివరిదాకా ఉంది.

అదే కాలంలో మన దక్కనులో లావా పొంగింది. ఆ లావా పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్ల పైన ప్రవహించి రాజమండ్రి దాకా వచ్చింది. గోదావరి చుట్టుపక్కల కాతేరు, పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయి అదే. రెండు లావా పొరల మధ్య సముద్రపు గవ్వలున్న సున్నపురాయి పొర ఉంటుంది. డైనోసార్ల చివరి రోజులను, ఆ వెంటనే వచ్చిన రోజులను పరిశోధించేవాళ్లు ఆ పొర కోసం ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు.

తెలుగు రాష్ట్రాల్లో అసలు డైనోసార్ ఎముకలు ఎక్కడ చూడొచ్చు?

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. తెలంగాణలో, గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలవి. 1988లో జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి దానికి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. కొమ్ములు లేవు, మాంసం తినేదీ కాదు. పొడవు మెడ, 9 మీటర్ల ఒళ్లు, చెట్ల మేత. కార్నోటారస్‌కంటే 10 కోట్ల సంవత్సరాలకు పైగా ముందుది. అయినా పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. మన ఊరి పేరున్న డైనోసార్ ముందు నిలబడి, దాని తొడ ఎముక పక్కన తమ ఎత్తు చూసుకున్న పిల్లలకు ఆ తర్వాత ఏ డైనోసార్ గురించి చెప్పినా వింటారు.

రాజాసారస్ దొరికిన చోటు చూడాలంటే రహియోలికే వెళ్లాలి. అక్కడ శిలాజాల పార్కు, పక్కనే మ్యూజియం ఉన్నాయి.

పిల్లలకు కార్నోటారస్ బొమ్మ కొంటున్నాం. సరైనదేనా అని ఎలా చూడాలి?

ముందు చేతులు చూడండి. పొడవైన ముంజేతులు, పదునైన గోళ్లు ఉంటే అది వేరే డైనోసార్‌కు కొమ్ములు అతికించిన బొమ్మ. కొమ్ములు కళ్ల పైన ఉండాలి, ముక్కు మీద కాదు. ముక్కు మీదుంటే అది సెరటోసారస్. మూతి పొట్టిగా, ఎత్తుగా ఉండాలి. తోక మొదలు తొడకంటే లావుగా ఉండాలి. చాలా బొమ్మల్లో తోక ఎలుక తోకలా సన్నగా ఉంటుంది, అక్కడే పరుగంతా పోయింది. ఒంటి మీద బొడిపెలు వరసల్లో కాకుండా చెదిరి ఉంటే, దాన్ని తయారుచేసినవాళ్లు శ్రద్ధపెట్టారని అర్థం. రంగు మాత్రం మీ పిల్లలకు ఏది నచ్చితే అది తీసుకోండి.